సైకోసోషల్ రిస్క్ అసెస్‌మెంట్ (పని తీరు వల్ల మనసుకి, ఒంటికి వచ్చే ముప్పు అంచనా) ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి? (ఫార్మా ప్లాంట్, మూడు షిఫ్టులు)

పరవాడ_సేఫ్టీ | సోమవారం, రాత్రి 9:42

అందరికీ నమస్తే. పరవాడ వైపు ఒక బల్క్ డ్రగ్ ప్లాంట్‌లో సేఫ్టీ ఆఫీసర్‌ని. పర్మినెంట్, కాంట్రాక్ట్ కలిపి 420 మంది ఉంటారు. మొన్న ఐఎస్‌వో 45001 (పనిచోట భద్రత, ఆరోగ్యం మీద అంతర్జాతీయ ప్రమాణం) సర్వైలెన్స్ ఆడిట్ జరిగింది. ఆడిటర్ మా హిరా రిజిస్టర్ (ప్రమాదాలు గుర్తించి అంచనా రాసుకునేది) మొత్తం తిరగేసి, "సాల్వెంట్లు ఉన్నాయి, స్టాటిక్ ఛార్జ్ ఉంది, ఎత్తు మీద పని ఉంది. పని గంటలు, పని భారం, వేధింపులు ఎక్కడున్నాయి?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. మైనర్ ఎన్‌సీ (ప్రమాణం ప్రకారం లేదన్న చిన్న లోపం) రాసి వెళ్లాడు. క్లోజ్ చేయడానికి 60 రోజులు.

ప్లాంట్ హెడ్ "ఏదో ఒక ఫారం నింపించి పంపేసెయ్" అన్నారు. హెచ్‌ఆర్ వాళ్లు అప్పుడే గూగుల్ ఫారం తయారు చేశారు కూడా. పేరు, ఎంప్లాయీ కోడ్, కింద ఒకే ప్రశ్న: మీకు స్ట్రెస్ ఉందా, 1 నుంచి 5 వరకు మార్కులు వేయండి. దాంతోపాటు ఆదివారం యోగా క్లాసు.

నాకు తెలిసింది ప్రాబబిలిటీ (జరిగే అవకాశం) ఇంటూ సివియారిటీ (నష్టం తీవ్రత), 5 బై 5 మ్యాట్రిక్స్. టాలుయిన్ లాంటి సాల్వెంట్‌కి కళ్లు మూసుకుని మార్కులు వేస్తాను. సూపర్‌వైజర్ అరుపులకి ఎలా వేయాలి? ఎవరైనా చేసి ఉంటే చెప్పండి.

లీడ్స్_తెలుగోడు | సోమవారం, రాత్రి 11:20

ఆడిటర్ కొత్తగా కనిపెట్టిందేం లేదండీ. 45001లో 6.1.2.1 తీసి చూడండి. ప్రమాదాలు గుర్తించేటప్పుడు పనిని ఎలా అమర్చారు, పని భారం ఎంత, పని గంటలు ఎన్ని, వేధింపులున్నాయా, పైవాళ్ల తీరు ఎలా ఉంది, ఇవన్నీ చూడమని 2018 నుంచీ రాసే ఉంది. మనమే ఆ లైను దాటేసి సాల్వెంట్ల దగ్గరికి పోతుంటాం. అదెలా చేయాలో చెప్పడానికే 2021లో 45003 వచ్చింది. అది గైడ్‌లైన్ మాత్రమే, 45001 లాగా సర్టిఫికెట్ కోసం రాసింది కాదు. అందులో మూడు కట్టలుంటాయి: పని అమరిక, మనుషుల మధ్య తీరు, పనిచేసే చోటు–పరికరాలు–ప్రమాదకరమైన పనులు.

నేను ఇక్కడ యూకేలో రోజూ వాడేది హెచ్‌ఎస్‌ఈ (ఇక్కడి ప్రభుత్వ భద్రతా సంస్థ) వాళ్ల మేనేజ్‌మెంట్ స్టాండర్డ్స్. ఆరు విషయాలు చూస్తాం. పని భారం, తన పని మీద తనకున్న పట్టు, అందే సాయం, తోటివాళ్లతో సంబంధాలు, తన బాధ్యత ఏమిటన్న స్పష్టత, మార్పులను ఎలా తెస్తున్నారు. 35 ప్రశ్నల ఫారం ఉచితంగా దొరుకుతుంది. యూకేలో స్ట్రెస్‌కి రిస్క్ అసెస్‌మెంట్ చేయడం చట్టప్రకారం తప్పనిసరి. ఐదుగురు, అంతకుమించి ఉంటే రాతలో కూడా పెట్టాలి.

ఒక్క మాట. ఫారం జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు మీ బీరువాలో ఉన్న కాగితాలు తీయండి. ఏడాది ఓటీ రిజిస్టర్, డబుల్ డ్యూటీలు, సిక్ లీవులు, మానేసినవాళ్ల లిస్టు డిపార్ట్‌మెంట్ వారీగా, నియర్ మిస్‌లు (కొద్దిలో తప్పిన ప్రమాదాలు) ఏ గంటలో ఎక్కువ జరిగాయి. సగం జవాబు అందులోనే ఉంటుంది.

ఆటోనగర్_ఓనర్ | మంగళవారం, ఉదయం 7:05

60 మందితో ఫ్యాబ్రికేషన్ షాపు నడుపుతున్నాను. పని అన్నాక టెన్షన్ ఉండదా? నాకు ప్రతి నెలా 5వ తారీఖున బ్యాంకు టెన్షన్, మరి నన్నెవరు అసెస్ చేస్తారు? రేపటి నుంచి వెల్డర్‌ని "ఏమయ్యా" అనాలన్నా వర్క్ పర్మిట్ తీసుకోవాలేమో.

సీ_షిఫ్ట్ | మంగళవారం, ఉదయం 8:31

ఓనర్ గారూ, 11 ఏళ్లుగా రియాక్టర్ ఆపరేటర్‌ని. కంపెనీ పేరు అడగొద్దు. పని వల్ల నాకు టెన్షన్ రాదండీ. డిస్టిలేషన్ సాఫీగా నడుస్తుంటే నాకు హాయిగానే ఉంటుంది. అసలు టెన్షన్ తెల్లవారుజామున 5:40కి మొదలవుతుంది.

సీ షిఫ్ట్ రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా. ఇంటికెళ్లే బస్సు 6:10కి గేటు దగ్గర కదులుతుంది. రిలీవర్లను (మా తర్వాత డ్యూటీ ఎక్కేవాళ్లను) తెచ్చే బస్సు 5:55కి రావాలి, వానొస్తే 6:03. దిగి, లాకర్ రూమ్‌కెళ్లి, గౌన్ వేసుకుని మా బ్లాక్‌కి వచ్చేసరికి ఎంతవుతుందో మీరే లెక్కేసుకోండి. నేను అతనికి బ్యాచ్ ఎంతవరకు వచ్చిందో చెప్పాలి, లాగ్ బుక్‌లో సంతకం పెట్టించాలి, బట్టలు మార్చుకుని గేటుకి పరిగెత్తాలి. బస్సు పోతే తర్వాతది మధ్యాహ్నం 2:10కే. ఆటో అంటే 150.

అందుకని ఏం చేస్తామంటే, 6 గంటల టెంపరేచర్ 5:30కే రాసేస్తాం. పక్క రియాక్టర్ అతనికి "కాస్త చూస్తుండు" అని చెప్పి కదిలిపోతాం. హ్యాండోవర్ దారిలో, చెట్టు కింద. "నాలుగో దాని మీద కన్నేసి ఉంచు, వాక్యూమ్ పడిపోతోంది" అని నడుస్తూనే చెప్పేస్తాం. అతను విన్నాడో లేదో ఆ దేవుడికెరుక. ఇంటికెళ్లి పడుకున్నాక కూడా ఆ వాక్యూమే తలలో తిరుగుతుంటుంది.

రిలీవర్ రాకపోతే ఇంకో కథ. "ఈ ఒక్కరోజు లాగించెయ్" అంటారు. ఈ ఒక్కరోజు నెలకి నాలుగైదు సార్లు వస్తుంది. ఓటీ డబ్బులు ఇస్తారు, అబద్ధం చెప్పను. కానీ వద్దన్న వాడి వీక్లీ ఆఫ్ మరుసటి వారం మారిపోతుంది. ఎవరూ ఒక్క మాట అనరు. రోస్టర్ మారుతుంది, అంతే.

సేఫ్టీ సార్‌కి చెప్పేది ఏంటంటే, ఆ ఫారంలో ఎంప్లాయీ కోడ్ అడిగితే నేను కళ్లు మూసుకుని "స్ట్రెస్ లేదు" అని కొట్టేస్తాను.

మాదాపూర్_హెచ్‌ఆర్ | మంగళవారం, మధ్యాహ్నం 1:15

హెచ్‌ఆర్ అనగానే యోగా జోకులు మొదలవుతాయని తెలుసు, కానివ్వండి.

నేను ఒక ఐటీ కంపెనీలో కాప్‌సాక్ చేయించాను. పనిలో ఒత్తిడిని కొలవడానికి డెన్మార్క్‌లో పుట్టిన ప్రశ్నావళి, చాలా దేశాల్లో వాడతారు. పేరు అడగలేదు, కోడ్ అడగలేదు, అంతా పకడ్బందీ అనుకున్నాం. చివర్లో "ఇంకేమైనా చెప్పదలచుకుంటే" అని ఒక పెట్టె పెట్టాం. ఏడుగురున్న టీంలో ఒకరు "మా పాప స్కూలు బస్సు వచ్చే టైముకే రోజూ స్టాండప్ కాల్ పెడుతున్నారు" అని రాశారు. ఆ టీంలో స్కూలుకెళ్లే పాప ఉన్నది ఒక్కరికే. మేనేజర్‌కి రిపోర్టు వెళ్లిన మర్నాడు కాల్ టైము మారలేదు కానీ, ఆమెతో అతని మాట తీరు మారింది. మూడు నెలలకి ఆమె రిజైన్ చేసింది. తప్పు నాదే. పేరు లేనంత మాత్రాన మనిషి దాగినట్టు కాదు.

అప్పటి నుంచి పదిమంది కంటే తక్కువున్న టీంకి విడిగా రిపోర్టు ఇవ్వను. రాసిన మాటలను యథాతథంగా మేనేజర్లకి పంపను.

టోక్యో_మిరపకాయ | మంగళవారం, సాయంత్రం 4:48

ఆ పదిమంది లెక్క ఇక్కడ ప్రభుత్వ పద్ధతిలోనే ఉంది. జపాన్‌లో 2015 డిసెంబరు నుంచి 50 మంది, ఆపైన ఉన్న చోటల్లా ఏడాదికోసారి స్ట్రెస్ చెక్ పెట్టాలి. ఎక్కువమంది వాడేది 57 ప్రశ్నల ఫారం. ఫలితం నేరుగా నాకే వస్తుంది, నేను ఒప్పుకుంటే తప్ప కంపెనీకి చూపించరు. ఒత్తిడి ఎక్కువని తేలితే, నేను అడిగితే, డాక్టర్‌తో మాట్లాడే ఏర్పాటు చేయాలి.

వినడానికి బాగుంది కదా? మెలిక ఏంటంటే, గ్రూపు ఫలితాలు చూసి పని తీరు మార్చడం మాత్రం తప్పనిసరి కాదు, "ప్రయత్నించాలి" అన్నంత వరకే. మా ఆఫీసులో ఏటా ఫారం నింపుతాం, ఏటా మా టీం ఎరుపులోనే ఉంటుంది, ఏటా అదే మేనేజర్. ఈసారి ఫారం బస్సులో నింపేశాను.

లీడ్స్_తెలుగోడు | మంగళవారం, రాత్రి 8:02

ఆటోనగర్ ఓనర్ గారూ, టెన్షన్ లేని పని ఉందని ఎవరూ అనడం లేదు. వారానికి 55 గంటలు, అంతకుమించి పనిచేయడం వల్ల 2016లో గుండెజబ్బు, పక్షవాతంతో 7,45,000 మంది పోయారని డబ్ల్యూహెచ్‌వో, ఐఎల్‌వో (అంతర్జాతీయ కార్మిక సంస్థ) కలిసి 2021లో అంచనా వేశాయి. ఫ్రాన్స్ టెలికాంలో 2000ల చివర్లో జరిగిన ఆత్మహత్యల తర్వాత కేసు నడిచి, 2019 డిసెంబరులో పారిస్ కోర్టు కంపెనీకి, మాజీ అధిపతికి శిక్ష వేసింది. అక్కడ కోర్టు చూసింది ఒక మేనేజర్ నోటి దురుసును కాదు. 22,000 మందిని బయటికి పంపాలని పైనుంచి నడిపిన పద్ధతిని.

1979లో కారాసెక్ అనే ఆయన చెప్పిన మాట మీ షాపుకీ వర్తిస్తుంది. పని భారం ఎక్కువ, దాని మీద పట్టు తక్కువ, ఈ రెండూ కలిసిన చోట మనిషి ఎక్కువ నలుగుతాడు. మీకు బ్యాంకు టెన్షన్ ఉంది, కానీ ఏ ఆర్డరు ముందు పంపాలో మీ చేతిలో ఉంది. సీ షిఫ్ట్ గారికి 6:10 బస్సు తన చేతిలో లేదు, రిలీవర్ తన చేతిలో లేడు, వాక్యూమ్ పంపు కూడా తన చేతిలో లేదు.

వార్డ్_సిస్టర్ | మంగళవారం, రాత్రి 11:55

గుంటూరు వైపు ప్రైవేటు ఆసుపత్రి, 14 ఏళ్ల సర్వీసు. ఆఫ్టర్‌నూన్ డ్యూటీ రాత్రి 9కి దిగి మర్నాడు 7కి మార్నింగ్ ఎక్కుతాం. నడుమ ఇంటికెళ్లి, అంట్లు తోమి, పడుకునేది అయిదు గంటలు. ఇది ఎవరి రిజిస్టర్‌లోనూ ప్రమాదంగా ఉండదు. ఎమర్జెన్సీలో పేషెంటు తాలూకు వాళ్లు మీదికొచ్చిన రోజు మాత్రం అందరూ సెక్యూరిటీ గురించి మాట్లాడతారు. ఆ రాత్రి 22 మందికి ఇద్దరమే ఉన్నామని, అందుకే ఆలస్యమైందని, అందుకే వాళ్లకి కోపమొచ్చిందని ఎవరూ వెనక్కి వెళ్లి చూడరు.

సీ షిఫ్ట్ తమ్ముడూ, నిద్రలోనూ అదే తిరుగుతుంటే 14416కి ఫోన్ చెయ్యి. టెలీమానస్, ప్రభుత్వానిదే, డబ్బులేం పడవు, తెలుగులో మాట్లాడతారు. బస్సు టైము వాళ్లు మార్చలేరు, అది నాకూ తెలుసు.

లీడ్స్_తెలుగోడు | బుధవారం, ఉదయం 3:10

సిస్టర్ గారు చెప్పిన ఆ సందు గురించి: ఇక్కడ రెండు డ్యూటీల మధ్య 11 గంటల విశ్రాంతి చట్టంలోనే ఉంది, యూరోపియన్ యూనియన్‌లోనూ అదే లెక్క. సేఫ్టీ సార్, మీ రోస్టర్‌లో బీ షిఫ్ట్ రాత్రి 10కి దిగి మర్నాడు పొద్దున్న 6కే 'ఏ' షిఫ్ట్ ఎక్కినవాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. ఎక్సెల్‌లో పది నిమిషాల పని.

మోడరేటర్ | బుధవారం, ఉదయం 9:00

ఒక పోస్టులో కంపెనీ పేరు, మేనేజర్ పేరు ఉన్నాయి. పోస్టు తీసేశాను. అనుభవం రాయండి, పేర్లు వద్దు.

సింగరేణి_రిటైర్డ్ | బుధవారం, ఉదయం 10:26

తమ్మీ, 34 ఏండ్లు బొగ్గు బాయి మీద చేసి దిగినవాణ్ణి. మాకు ఈ ఫారాలు గీరాలు లేవు గానీ పిట్ సేఫ్టీ కమిటీ ఉండేది. మీ దగ్గర కూడా సేఫ్టీ కమిటీ ఉంటది కదా, అందులో సగం మంది కార్మికులే ఉండాలె. వాళ్లను మీటింగ్ రోజు సమోసా తినడానికి పిలుస్తున్నవా, నిజంగ అడుగుతున్నవా?

ఎక్కడ అడగాలె అన్నది ముఖ్యం. కాన్ఫరెన్స్ హాల్లో సూపర్‌వైజర్ పక్కన కూసోబెట్టి అడిగితే అంతా మంచిగనే ఉందంటరు. డ్యూటీ దిగినోణ్ణి ఆపకు, వానికి బస్సు తొందర. క్యాంటీన్ల చాయ్ కాడ కూసో. ముందు నువ్వు నీ కష్టం ఒకటి చెప్పు. అప్పుడు వాడు రెండు చెప్తడు. కాంట్రాక్టు వాళ్లను వేరే కూసోబెట్టు, పర్మినెంటోళ్ల ముందట వాళ్లు నోరిప్పరు.

పరవాడ_సేఫ్టీ | తొమ్మిది రోజుల తర్వాత, రాత్రి 10:14

అందరికీ థ్యాంక్స్. ఆలస్యంగా రాస్తున్నాను, కారణం ఉంది.

రిజిస్టర్లు తీశాను. మా డబుల్ డ్యూటీల్లో సగానికి పైగా ఒకే బ్లాక్‌వి. నియర్ మిస్‌లు టైము వారీగా పేరిస్తే, షిఫ్ట్ మారే అరగంట చుట్టూ గుంపు కట్టాయి. ఇన్నేళ్లూ వాటిని ఆపరేటర్ అజాగ్రత్త అని రాసింది నేనే. నా చేతిరాతే.

సీ షిఫ్ట్ గారు రాసింది చదివాక, మా దగ్గర ఎలా ఉందో చూద్దామని పోయిన గురువారం తెల్లవారుజామున 5:15కి చెప్పకుండా వెళ్లాను. 5:34కి లాగ్ బుక్ తెరిచాను. 6 గంటల కాలమ్‌లో 82 డిగ్రీలు అని ఉంది. వేలు తగిలితే ఇంకు కొంచెం అలుక్కుంది. ఆపరేటర్ నా మొహం చూడలేదు, నా చేతిలో ఉన్న పెన్ను చూశాడు, మెమో రాస్తానేమోనని. రాయలేదు. "టీ తాగావా" అని అడిగి వచ్చేశాను.

ఇప్పుడు రెండు డౌట్లు. ఒకటి, దీన్ని పైకి ఎలా చెప్పాలి? రెండు, మ్యాట్రిక్స్ ఇంకా నన్ను వదల్లేదు.

మాదాపూర్_హెచ్‌ఆర్ | అదే రాత్రి, 10:40

ప్లాంట్ హెడ్ దగ్గర స్ట్రెస్ అనే మాటే ఎత్తకండి. డేటా ఇంటెగ్రిటీ అనండి, అంటే రికార్డుల్లో ఉన్నది నిజమేనా అన్నది. ముందే రాసిన రీడింగ్ ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) ఇన్‌స్పెక్టర్ కంట పడితే ఏమవుతుందో ఆయనకి మీకంటే బాగా తెలుసు. రెండు రోజుల్లో బస్సు టైము మారుతుంది.

సీ_షిఫ్ట్ | అదే రాత్రి, 10:52

మేడం, బస్సు టైము మారదు. రాసినవాడు సస్పెండ్ అవుతాడు. డేటా ఇంటెగ్రిటీ అన్న మాట వినపడగానే ముందు ఎవరి సంతకం అని చూస్తారు. దయచేసి అలా చెప్పొద్దు సార్. మీరు అడిగారని నమ్మి చెప్పినవాడు మునిగిపోతాడు.

మాదాపూర్_హెచ్‌ఆర్ | అదే రాత్రి, 11:03

నిజమే. నేను పైనుంచి చూసి రాశాను.

లీడ్స్_తెలుగోడు | మర్నాడు

లాగ్ బుక్ ముట్టుకోకుండానే అదే విషయం చెప్పొచ్చు. స్టాప్‌వాచ్ పట్టుకుని మీరే నడవండి. గేటు నుంచి లాకర్ రూమ్, గౌన్, అక్కడి నుంచి బ్లాక్, హ్యాండోవర్, తిరిగి గేటు. పడే నిమిషాలు ఒక పక్క, బస్సులిచ్చే నిమిషాలు ఇంకో పక్క పెట్టండి. ఆ తేడాయే మీ హజార్డ్. అందులో ఏ ఆపరేటర్ పేరూ ఉండదు.

మ్యాట్రిక్స్‌కి వస్తే, ప్రాబబిలిటీ గడి దగ్గర తల బద్దలు కొట్టుకోకండి. అది జరగొచ్చా అని అంచనా వేయడానికి. ఇది రోజూ జరుగుతూనే ఉంది. ఆ గడి బదులు ఎంతమందికి, ఎంత తరచుగా, ఎన్నాళ్లుగా, ఇప్పుడున్న కట్టడి పనిచేస్తోందా అని రాయండి. కంట్రోల్స్‌కి మాత్రం మీ పాత హైరార్కీయే వాడండి: ముందు ప్రమాదాన్ని మూలంలోనే తీసేయడం, మనిషికి రక్షణ ఇవ్వడం చివర్లో. కంప్రెసర్ మోత తగ్గించకుండా ఇయర్ ప్లగ్ ఇవ్వడం లాంటిదే యోగా. వద్దనను, అట్టడుగున రాయండి.

పరవాడ_సేఫ్టీ | మర్నాడు, రాత్రి

నడిచాను. హ్యాండోవర్‌కి పది నిమిషాలు వేసుకుంటే మొత్తం 31 నిమిషాలు. బస్సులు ఇస్తున్నది 15. ఇంత చిన్న లెక్క ఇన్నేళ్లు ఎవరూ వేయలేదు, నాతో సహా.

లాగ్ బుక్ సంగతి దాచడం మాత్రం నా మనసుకి సరిపడటం లేదు. బ్లాక్ ఇన్‌చార్జితో నోటిమాటగా చెప్పాను, ఇకపై రీడింగ్ టైముకే రాయాలని. మూడు రోజులు ఆ టైముకి నేనే అక్కడ నిలబడతానన్నాను.

ఫారం కూడా వేస్తున్నాం, కానీ కాగితం మీద, కోడ్ లేకుండా. హెచ్‌ఆర్ అమ్మాయి ఇంగ్లిష్ ప్రశ్నల్ని తెలుగు చేసి పంపింది: "నా నుండి ఆశించబడుచున్నది ఏమో నాకు స్పష్టత కలదు." క్యాంటీన్‌లో చదివి వినిపిస్తే ఒకాయన "ఇది కోర్టు నోటీసా సార్?" అన్నాడు. కూర్చుని మళ్లీ రాశాం. "డ్యూటీ ఎక్కేసరికి ఈరోజు నేనేం చేయాలో నాకు తెలుస్తుంది." ఇంకొకటి, "ప్రొడక్షన్ వాళ్లు త్వరగా కానీ అంటారు, క్యూఏ (క్వాలిటీ) వాళ్లు ఆగమంటారు, మధ్యలో నేను ఇరుక్కుంటాను." ఈ రెండోది చదవగానే టేబుల్ అంతా నవ్వింది. ఒడిశా నుంచి వచ్చినవాళ్ల కోసం వాళ్ల మేస్త్రీతో కాకుండా, వాళ్లలోనే చదువుకున్న కుర్రాడితో ఒడియాలో రాయించాం.

ఆటోనగర్_ఓనర్ | రెండు రోజుల తర్వాత

మొన్న వెటకారంగా రాశాను, పట్టించుకోకండి. నా దగ్గర 60 మందే, 35 ప్రశ్నలు నింపే ఓపిక ఎవరికీ లేదు. ఏం చేయాలి?

సింగరేణి_రిటైర్డ్ | అదే రోజు

అయిదుగురు అయిదుగురిని చాయ్‌కి కూసోబెట్టు, నువ్వు అక్కడ ఉండకు. "ఇక్కడ ఒక్కటి మారిస్తే ఏది మార్చాలె" అని ఒక్కటే అడిగించు. చెప్పినదాంట్ల చిన్నది ఒకటి వారంల చేసి చూపెట్టు. చేయలేనిది ఎందుకు చేయలేవో చెప్పు.

పరవాడ_సేఫ్టీ | ఆరు వారాల తర్వాత

ఎన్‌సీ క్లోజ్ అయింది. కానీ రాయాల్సింది అది కాదు.

ఇంటికెళ్లే బస్సు 6:30కి మార్చమని అడిగితే ట్రాన్స్‌పోర్ట్ కాంట్రాక్టర్ కుదరదన్నాడు. అదే బస్సు 7:30కి ఒక స్కూలు ట్రిప్పు వేస్తుందట! ఇన్నాళ్లూ మా హ్యాండోవర్ స్కూలు పిల్లల టైంటేబుల్ మీద నడిచిందన్నమాట. బేరమాడి రిలీవర్ల బస్సు పది నిమిషాలు ముందుకి, ఇంటి బస్సు పది నిమిషాలు వెనక్కి జరిపాం. మొత్తం 35 నిమిషాలు దొరికాయి. పొద్దున్న 'ఏ' షిఫ్ట్ వాళ్లు పది నిమిషాల నిద్ర పోయిందని నన్ను తిడుతున్నారు, వాళ్ల బాధా న్యాయమే.

'బీ' నుంచి నేరుగా 'ఏ' షిఫ్ట్ ఎక్కించడం పర్మినెంట్ వాళ్లకి ఆగింది. కాంట్రాక్ట్ వాళ్లకి ఇంకా ఆగలేదు. రిలీవర్ల కోసం నలుగురు అదనంగా కావాలన్న ఫైలు ప్లాంట్ హెడ్ టేబుల్ మీదే ఉంది. యోగా నడుస్తోంది, ఆదివారం ఆరుగురు వస్తున్నారు.

ఇప్పుడొక కొత్త చిక్కు. క్యాంటీన్ పెట్టెలో పడ్డ కాగితాల్లో, క్యూసీ (నాణ్యత పరీక్షల) ల్యాబ్ నుంచి వచ్చిన మూడింటిలో ఒకే మనిషి గురించి రాశారు. అమ్మాయిల చేతిరాత. దీనికి ఏ గడిలో మార్కులు వేయాలి?

మాదాపూర్_హెచ్‌ఆర్ | అదే రోజు

ఏ గడిలోనూ వేయొద్దు. రిజిస్టర్‌లోకి ఎక్కించకండి, ఫొటో తీసి ఎవరికీ పంపకండి. కవర్‌లో పెట్టి సీల్ చేసి, లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే ఇంటర్నల్ కమిటీ అధ్యక్షురాలి చేతికి ఇవ్వండి. 2013 చట్టం ప్రకారం పదిమంది, ఆపైన ఉన్న ప్రతి చోటా ఆ కమిటీ ఉండాలి. ఫిర్యాదు బాధితురాలే రాతలో ఇవ్వాలి, ఘటన జరిగిన మూడు నెలల్లోపు. కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించొచ్చు. కాబట్టి రేపే ల్యాబ్ అంతటికీ కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు తెలిసేలా చేయండి. ఆ ముగ్గురెవరో మాత్రం వెతకొద్దు.

పరవాడ_సేఫ్టీ | అదే రోజు, రాత్రి

కవర్ ఇచ్చేశాను. నోటీస్ బోర్డులో కమిటీ లిస్టు చూస్తే అందులో ఇద్దరు ఎప్పుడో మానేసినవాళ్లు. రేపు పొద్దున్న ముందు ఆ పని.

సీ_షిఫ్ట్ | మర్నాడు, ఉదయం 7:20

సార్, మాకు కూడా సోమవారం నుంచి బస్సు 6:20 అయింది. మీది మా ప్లాంటేనా?

పరవాడ_సేఫ్టీ | మర్నాడు, ఉదయం 7:44

ఈ చుట్టుపక్కల ఒకే కాంట్రాక్టర్ నాలుగు ప్లాంట్లకి బస్సులు తిప్పుతాడు బాబూ. అంతకుమించి అడగకు.